ఎడమ పక్క కుర్రాడు

శుక్రవారం పొద్దున్న నిద్ర లేచేటప్పటికే గస్ ప్రిబిల్‌కి ఆ రోజు ఏం చెయ్యాలో ఖాయమైపోయింది. ఏమీ చెయ్యకూడదు. నీటి సరఫరా శాఖలో సెలవు పెట్టేశాడు. ఫ్రిజ్‌లో సాసేజ్‌లున్నాయి, ఆవముద్ద ఉంది, ఫోను నిండా చార్జింగ్ ఉంది. ఇక చెయ్యవలసిందల్లా ముందుగదిలో కుర్చీ వెనక్కి వాల్చి, టగ్స్ జట్టు ఎవరిని తీసుకుందో, ఎవరిని తీసుకోబోతోందో మాట్లాడుకోవడమే.

పోర్ట్ హార్లన్‌లో పుట్టిన అందరిలాగే గస్ కూడా టగ్స్ మనిషి. ఆ జట్టు గెలిచిన రోజులు గుర్తున్నవాళ్ళు ఊళ్ళో ఏటికేడూ తగ్గిపోతున్నారు. అయినా ఏప్రిల్ నెలాఖరుకి డ్రాఫ్ట్ వచ్చిందంటే చాలు, దేశంలోని అమెరికన్ ఫుట్‌బాల్ జట్లన్నీ కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఏరుకునే ఆ మూడు రోజులూ ఊరంతా మళ్ళీ ఆశపడటం మొదలుపెడుతుంది. గస్ అందరికంటే ఎక్కువ ఆశపడతాడు. పైగా అతను టగ్స్ అని ఎప్పుడూ అనడు. ‘మనం’ అంటాడు. మనం ఓడిపోయాం, మనకి కాలు విరిగింది, మనల్ని రిఫరీ ముంచేశాడు.

నిన్న సాయంత్రం మొదటి వంతులో ‘మనం’ టూల్సన్ అనే జార్జియా కుర్రాణ్ణి తీసుకున్నాం. బంతి విసిరేవాడికి ఎడమ పక్క నిలబడి, మీదకొచ్చేవాళ్ళని అడ్డుకోవడం అతని పని. గస్‌కి సంతోషంతో అర్ధరాత్రి దాటేదాకా నిద్ర పట్టలేదు.

వంటింట్లో భార్య డార్లా తను పనిచేసే బడికి బయల్దేరుతూ అతని చొక్కా పట్టుకుని దగ్గరకి లాగింది.

“విను. రెండింటికి అమ్మని జుట్టు కత్తిరించే చోటుకి తీసుకెళ్ళాలి. మర్చిపోతే చంపేస్తాను. సరిగ్గా అప్పుడే వడ్రంగి షాపు నుంచి మనిషి వచ్చి అమ్మ గది కొలుస్తాడు.”

“దేనికి కొలవడం?”

“గస్! నెల్లాళ్ళుగా చెప్తున్నాను. ఆ గదికి ఆనుకుని చిన్న స్నానాల గది కట్టిద్దామని! అమ్మ ఆ మోకాళ్ళతో రోజూ మెట్లెక్కుతోందా లేదా? ఆదివారం పుట్టినరోజు నాడు చెప్దాం. అందాకా అమ్మకి తెలియకూడదు.”

అప్పుడే డార్లా తల్లి యూనిస్ కర్ర తాటించుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరూ ఠక్కున నోళ్ళు మూసుకున్నారు. డార్లా అవసరం లేకపోయినా కొళాయి తిప్పింది. గస్ కొళాయికేసే చూస్తూ నిలబడ్డాడు.

యూనిస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కాఫీ కప్పు తీసుకుని, తన గదికి వెళ్ళిపోయింది. వసారాకి ఎడమ పక్క గది అది. భర్త పోయాక సొంతిల్లు అమ్మేసి ఆమె ఇక్కడికి వచ్చి చాలాకాలమే అయింది. అయినా ఇప్పటికీ “మీ ఇంట్లో”, “మీ పళ్ళేలు”, “మీ మెట్లు” అంటుంది. ఎనభై దాటిన మనిషి. కుడి చెవి పనిచెయ్యదు. ఎడమ చెవికి యంత్రం ఉంది. గస్ టీవీ పెట్టగానే దాన్ని ఆపేసుకోవడం ఆమె అలవాటు. అందుచేత ఇన్నేళ్ళూ అల్లుడు చూసే ఆట గురించి ఆమెకి తెలిసిందల్లా, బోలెడుమంది మగాళ్ళు ఒకరి మీద ఒకరు పడతారని మాత్రమే.

ఆ రోజు టీవీ పెట్టలేదు. కాబట్టి యంత్రం పనిచేస్తూనే ఉంది.

డార్లా వెళ్ళగానే గస్ చెవులకి తీగలు తగిలించుకుని చిన్ననాటి స్నేహితుడు ఆర్లోకి ఫోన్ చేశాడు. చెవులు మూసుకున్నవాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు.

“ఒరేయ్ ఆర్లో! పాతవాళ్ళని ఎన్నాళ్ళని మేపుతాంరా? రెండు మోకాళ్ళూ పోయాయి. లేవాలంటే ఇంకోళ్ళు చెయ్యందించాలి. ఏడాదంతా కూర్చోబెట్టి తిండి పెట్టడం తప్ప మనకి ఒరిగిందేమిటి?”

గదిలో యూనిస్ కుడుతున్న దుప్పటిలో సూది ఆగిపోయింది.

“అదే కదా నేననేది. అందుకే మనం కుర్రాణ్ణి తీసుకున్నాం. జార్జియా వాడు. కొండలా ఉంటాడు, మన గుమ్మంలోంచి రావాలంటే పక్కకి తిరగాల్సిందే. వాణ్ణి ఎడమ పక్క పెట్టేస్తే ఇంక గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు.”

యూనిస్ కర్ర తీసుకుని లేచింది. తలుపు దగ్గరకి వచ్చి నిలబడింది.

“పాపం ఏమిట్రా, పాపం? మర్యాదగానే సాగనంపుతాం. ఓ కేకు కోసి, ఫోటో తీసి, చేతులు కలిపి పంపించేస్తాం. రోజులైపోయాయని వాళ్ళకి మాత్రం తెలియదా?”

ఆదివారం కేకు ఉందని యూనిస్‌కి తెలుసు. ఏ రంగు పూత కావాలని కూతురు మొన్ననే అడిగింది. నీలం అని చెప్పింది కూడా.

ఆమె మెల్లిగా వెనక్కి వెళ్ళి మంచం మీద కూర్చుంది. దుప్పటి కుట్టలేదు. కిటికీలోంచి పక్కింటి వెల్మా పూలమొక్కలకి నీళ్ళు పెట్టడం కనిపిస్తోంది గానీ, అదీ చూడలేదు.

ఆర్లోతో మాటలయ్యాక గస్ ఊళ్ళోని ఆటల రేడియోకి ఫోన్ కలిపాడు. శ్రోతల అభిప్రాయాలు అడుగుతున్నారు. “మీ వంతు వచ్చేదాకా ఉండండి” అన్నారు. ఉన్నాడు. వంతు కోసం ఉంటే టైము తెలియదు. సాసేజ్‌లు వేయించుకుని తిన్నాడు, ఇంకా ఉన్నాడు.

సరిగ్గా రెండింటికి వెనక గుమ్మం తలుపు ఎవరో తట్టారు. ముందుగదిలో గస్‌కి వినపడలేదు. యూనిస్ తీసింది.

ఎదురుగా కొండలాంటి కుర్రాడు. పేరు ఒడెల్. వడ్రంగి షాపులో చేరి వారం కూడా కాలేదు. లోపలికి రావడానికి నిజంగానే పక్కకి తిరిగాడు. ముసలావిడ ఇంట్లో ఉండదని, ఆవిడకి ఏమీ తెలియకూడదని యజమాని పదిసార్లు చెప్పి పంపాడు. ఆవిడే తలుపు తీసేసరికి అతను గబుక్కున టేపు జేబులోకి తోసేశాడు.

“నువ్వేనా కొత్త కుర్రాడివి?” అంది యూనిస్.

“అవునండీ మామ్మగారూ. ఈమధ్యే తీసుకున్నారు.”

“ఎడమ పక్కకేనా?”

“ఎడమ పక్క గదే అన్నారండీ.”

“జార్జియా వాడివట.”

ఒడెల్ కళ్ళు పెద్దవయ్యాయి. “మా అమ్మది జార్జియానే అండీ! మీకెలా తెలుసు?”

“ఈ ఇంట్లో గోడలు పల్చన” అంది యూనిస్. “కానీ, నీ పని నువ్వు చూసుకో.”

అతను టేపు తీసి గది పొడుగూ వెడల్పూ కొలిచాడు. మంచం ఉన్న చోట గోడ మీద పెన్సిలుతో గీతలు పెట్టాడు. ఆమె తన గదిలో తనే అతిథిలా కర్ర మీద రెండు చేతులూ ఆన్చి చూస్తూ నిలబడింది.

“మంచం నీకు సరిపోదు” అంది. “కాళ్ళు బయటికొస్తాయి.”

“మంచం ఎలాగూ తీసేస్తారండీ” అన్నాడు ఒడెల్. వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

“మరి నన్నెక్కడికి పంపిస్తారో చెప్పారా?”

“నన్నేమీ చెప్పొద్దన్నారండీ మామ్మగారూ. నా ఉద్యోగం పోతుంది. రెండింటికల్లా మీరు బయటికి వెళ్ళిపోతారన్నారు, అంతవరకే నాకు తెలుసు.”

యూనిస్ కాసేపు అతని మొహంలోకి చూసింది. పాపం, కుర్రాడిదేం తప్పు? తర్వాత అలమార తెరిచి పెట్టె బయటికి లాగింది. రెండు గౌన్లు, మందులు, భర్త ఫోటో, సగం కుట్టిన దుప్పటి అందులో పెట్టింది.

“మెడ పట్టి గెంటించుకునేదాన్ని కాదు నేను. కేకు కోసేదాకా ఉండేదాన్ని అసలే కాదు. బండి తెచ్చావా? ఈ పెట్టె పట్టుకో. మేపుల్ కోర్ట్ దగ్గర దింపు.”

మేపుల్ కోర్ట్ అంటే ఊరి చివర వృద్ధుల ఆశ్రమం. ఒడెల్‌కి అదంతా అర్థం కాలేదు. ఆవిడ ఇంట్లోంచి వెళ్ళాలి, వెళ్తోంది. తను సాయపడితే పని సవ్యంగా జరిగినట్టే. పెట్టె ఒక చేత్తో, మామ్మగారిని ఇంకో చేత్తో పట్టుకుని ట్రక్కు ఎక్కించాడు.

పక్కింటి వెల్మా చేతిలో గొట్టం వదిలేసింది. ఎవరో రాక్షసుడి లాంటివాడు యూనిస్‌ని ఎత్తుకుపోతున్నాడు! ముందు పోలీసులకి, తర్వాత డార్లా బడికి ఫోన్ చేసింది.

అదే సమయానికి గస్ రేడియోలో మాట్లాడుతున్నాడు. రెండో వంతులో అడ్డుకునేవాణ్ణే ఇంకొకణ్ణి తీసుకోవాలని, బంతి తన్నడానికి తప్ప దేనికీ పనికిరానివాళ్ళ జోలికి పోతే ఊరుకోనని హెచ్చరించి, తృప్తిగా ఫోన్ పెట్టేసి గడియారం చూశాడు. రెండు దాటిపోయింది. పరుగెత్తుకుంటూ ఎడమ పక్క గదికి వెళ్ళాడు. అత్తగారు లేదు. అలమార తెరిచి ఉంది. గోడ మీద గీతలున్నాయి.

కోపం వచ్చి తనే నడిచి వెళ్ళిపోయిందనుకున్నాడు. జుట్టు కత్తిరించే చోటుకి కారులో దూసుకెళ్ళాడు. అక్కడికి రాలేదన్నారు. వెనక్కి వచ్చేసరికి ఇంటి ముందు పోలీసు బండి ఉంది. దాని పక్కన నిలబడ్డ ఆఫీసర్ రింకన్ ఆ ఊరికి కొత్త. ఎక్కడో ఎండలు మండే రాష్ట్రం నుంచి బదిలీ మీద వచ్చింది, టగ్స్ అంటే ఓడల్ని లాగే పడవలనుకుంటుంది.

“మీ అత్తగారిని పొడుగాటి మనిషెవరో తీసుకెళ్ళాడని ఫిర్యాదు వచ్చిందండీ. మీ ఇంటికి ఈమధ్య కొత్తగా ఎవరినైనా తీసుకున్నారా?”

గస్ బుర్ర పనిచెయ్యడం లేదు. పొద్దున్నించీ ఆ ప్రశ్న ఎవరడిగినా అతను చెప్పింది ఒకటే జవాబు. “మనమా? టూల్సన్‌ని తీసుకున్నాం.”

“ఎప్పుడు?”

“నిన్న సాయంత్రం.”

“ఎలా ఉంటాడు?”

“ఆరడుగుల ఆరంగుళాలు. మనిషిని ఒంటిచేత్తో పడేస్తాడు. అందుకేగా తీసుకున్నది.”

ఆఫీసర్ రింకన్ రాసుకోవడం ఆపి అతన్ని ఎగాదిగా చూసింది. “మనుషుల్ని పడెయ్యడానికే తీసుకున్నారా?”

“మరి? ఎడమ పక్కనుంచి ఎవరైనా వస్తే?”

ఆమె రెండడుగులు వెనక్కి వేసి పోలీసు రేడియోలో చెప్పింది: టూల్సన్ అనే జార్జియా మనిషి, భారీ కాయం, బలప్రయోగం చేసేవాడు, వృద్ధురాలిని తీసుకుపోయాడు, ఎక్కడ కనిపించినా ఆపండి. అవతల నుంచి ఒక గొంతు నెమ్మదిగా అడిగింది: “మేడమ్, మన టూల్సనేనా? విమానాశ్రయంలో ఇప్పుడే మేయరుగారు అతనికి పూలదండ వేశారు. పట్టుకోమంటారా?”

ఈలోగా డార్లా వచ్చింది. వెల్మా కంచె అవతల నుంచి, ఆఫీసర్ కంచె ఇవతల నుంచి, గస్ మధ్యనుంచి ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఆమెకి అర్థమైనంతలో, తన భర్త ఒక గూండాని అద్దెకి తెచ్చాడు, వాణ్ణి మేయరు దండ వేసి ఆహ్వానించాడు, అమ్మ లేదు. తల పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. కూర్చున్నాక ఒక్కటి తట్టింది.

“పొడుగాటివాడా? ట్రక్కు మీద రంపం బొమ్మ ఉందా?”

“ఉంది” అంది వెల్మా. “రంపంతో కోసేస్తాడనే నేను భయపడ్డది.”

వడ్రంగి షాపుకి ఫోన్ చేస్తే ఒడెల్ ఇంకో ఇంట్లో పనిలో ఉన్నాడన్నారు, ఫోను ఎత్తడం లేదన్నారు. వీధులన్నీ తిరిగారు. చర్చిలో చూశారు, సరస్సు ఒడ్డున బల్లల మీద చూశారు. సాయంత్రం పని ముగించుకుని ఒడెల్ తనే ఫోన్ చేశాడు. గొంతులో గర్వం ఉంది. “కొలతలన్నీ వచ్చాయండీ. మామ్మగారికి ఏమీ తెలియనివ్వలేదు. మేపుల్ కోర్ట్‌లో జాగ్రత్తగా దింపేశాను. పాపం, మంచం నాకు సరిపోదని బాధపడ్డారు. ఎడమ పక్కకి కొత్త కుర్రాడివి నువ్వేనా అని కూడా అడిగారు.”

డార్లా ఫోన్ దించి భర్త వైపు తిరిగింది. “గస్. పొద్దున్న ఆర్లోతో ఏం మాట్లాడావు? ఉన్నదున్నట్టు చెప్పు.”

గస్ చెప్పడం మొదలుపెట్టాడు. “పాతవాళ్ళని ఎన్నాళ్ళని మేపుతాం…” అన్నాడు. “మోకాళ్ళు పోయాయి…” అన్నాడు. మూడో మాట దగ్గర గొంతు దానంతటదే తగ్గిపోయింది. కేకు దాకా వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. అతని మొహం చూసి డార్లాకి తిట్టబుద్ధి కూడా కాలేదు.

“కారు ఎక్కు” అంది.

మేపుల్ కోర్ట్ హాల్లో పెద్ద టీవీ ముందు వృద్ధులంతా కూర్చుని ఉన్నారు. సగం మంది నెత్తిన టగ్స్ టోపీలున్నాయి. రెండో వంతు నడుస్తోంది. యూనిస్ ఒక మూల కుర్చీలో, ఒళ్ళో చేతిసంచీ, కాళ్ళ దగ్గర పెట్టె పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఎవరో ఇచ్చిన సూపు పక్కన చల్లారిపోతోంది.

“ఆవిడ పేరు మా దగ్గర ఎక్కడా లేదండీ” అంది ఆశ్రమం మేనేజరు, డార్లా చెవిలో. “అయినా పొమ్మనలేకపోయాం.”

డార్లా తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అంతా ఏకరువు పెట్టింది. స్నానాల గది, పుట్టినరోజు, వడ్రంగి, డ్రాఫ్ట్. యూనిస్ ఎడమ చెవి ఇటు తిప్పి ఓపిగ్గా విన్నది. చివరికి అల్లుడి వైపు చూసింది.

“అయితే ఆ జార్జియా కుర్రాడు మీ ఇంటికి రావడం లేదు.”

“లేదత్తయ్యా. వాడెవడో నాకు తెలియను కూడా తెలియదు.”

“తెలియదు. ముక్కూ మొహం తెలియనివాడు. వాడు నీకు ‘మనవాడు’. వాణ్ణి ‘మనం’ తీసుకున్నాం. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను కలుపుకుని ఒక్కసారైనా ‘మనం’ అన్నావా గస్?”

గస్ టీవీకి వీపు పెట్టి, టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. మాట్లాడటం వచ్చింది అతనికి ఒక్క ఆట గురించే. ఆటగాళ్ళని బేరీజు వేసే ఆ పద్ధతిలోనే మొదలుపెట్టాడు.

“అత్తయ్యా, మీ మోకాళ్ళు పోయాయి. దాచడమెందుకు. కుడి చెవి లేదు. ఎడమది మీకు నచ్చినప్పుడే పనిచేస్తుంది. నా సాసేజ్‌ల వాసన గురించి రోజూ ఏదో ఒకటి అంటారు.”

“గస్!” అంది డార్లా.

“చెప్పనీ” అంది యూనిస్.

“నాకు ఆపరేషనైనప్పుడు, డార్లా బడికెళ్ళిపోతే పగలంతా నా పక్కన కూర్చున్నది మీరు. నొప్పి తెలియకుండా పేకాట ఆడించారు. ప్రతి ఆటా మోసం చేసి గెలిచారు.”

“మోసం చెయ్యలేదు.”

“చేశారు. దుప్పటి కింద రాణుల్ని దాచారు. చూశాను, ఊరుకున్నాను. ఓడిపోవడం నాకు అలవాటేగా.”

అప్పుడే అతని వెనక టీవీలో గంట మోగింది. పోర్ట్ హార్లన్ వంతు వచ్చింది. ఒక ముసలాయన “ష్‌ష్!” అన్నాడు. ఎవరో శబ్దం పెంచారు. గస్ చెవులు ఎర్రబడ్డాయి. మెడలో నరం ఉబ్బింది. కుడి భుజం రవ్వంత వెనక్కి కదిలింది కూడా. యూనిస్ ఆ భుజాన్నే చూస్తోంది.

“ఆ గది మనది” అన్నాడు గస్, టీవీ శబ్దం మీదుగా గట్టిగా. “మనదంటే నాదీ డార్లాదీ కాదు. మనది. ఎవడొచ్చినా ఆ గది ఇవ్వం. మీరు ఇంటికి రావాలి అత్తయ్యా.”

టీవీలో గస్ ఎప్పుడూ వినని పేరొకటి చదివారు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఒకాయన చెంచా నేలకేసి కొట్టాడు. ఒకావిడ “అయ్యో దేవుడా, మళ్ళీనా!” అంది. గస్ కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచాడు గానీ తల తిప్పలేదు.

“చూడవా?” అంది యూనిస్.

“తర్వాత చూస్తాలెండి.”

ఆమె కర్ర పట్టుకుని లేవబోయింది. లేవలేకపోయింది. గస్ చెయ్యందించాడు.

“పెట్టె పట్టుకో” అంది. “ఆ స్నానాల గదికి తలుపు గీత తప్పు చోట గీశాడు కుర్రాడు. రేపు వాణ్ణి రమ్మను. భోజనం కూడా పెడదాం, తిండి తినే ఒళ్ళు వాడిది.”

దారిలో గస్ కారు రేడియో పెట్టలేదు. అతని ఫోను ఎప్పుడో చచ్చిపోయింది. ఇంటికొచ్చాక డార్లా మాంసం కూర వేడి చేసింది. ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. గస్ మధ్యాహ్నం నుంచీ దాచుకున్న ఆకలంతా తీర్చుకున్నాడు. మారు వడ్డించుకున్నాడు, రొట్టెతో పళ్ళెం తుడుచుకు తిన్నాడు. యూనిస్ అంతసేపూ అతనికేసే చూస్తూ కూర్చుంది. రెండో వంతులో టగ్స్ బంతి తన్నేవాణ్ణి తీసుకున్న సంగతి ఆ హాల్లోనే ఆమె ఎడమ చెవికి స్పష్టంగానే వినిపించింది. అల్లుడు చెయ్యి కడుక్కునేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

ఆగడం మంచిదే అయింది. ఆ తర్వాత రెండు రోజులు గస్‌కి తిండి సహించలేదు.